నెవిల్ వేలెత్తిన వేసవి

ఏప్రిల్ 20, శనివారం

ఇవాళ నెవిల్ కారు తాళాలు నా చేతిలో పెట్టాడు. ఈమధ్య నా డ్రైవింగ్ బాగా కుదిరిందట, ఇకమీదట నన్నే నడపమన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను గేరు మార్చినప్పుడల్లా పళ్ళు నూరిన మనిషి. మొగుడు ఉత్తిపుణ్యానికి మెచ్చుకుంటే ఇల్లంతా ఒకసారి వెతుక్కోవాలని మా అమ్మ అంటుండేది.

సీజన్‌లో మొదటి మ్యాచ్. మా ఎల్డర్‌కోట్ మైదానంలో ఎప్పటి చోటే, బౌండరీ తాడుకేసి ముఖం పెట్టి కారు ఆపాను. తుంపర పడుతోంది. హీటర్ వేసుకుని, ఒళ్ళో దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ చూశాను. మనవాళ్ళు ఫోర్ కొట్టినప్పుడల్లా హారన్ కొట్టాను. నెవిల్ తెల్లకోటు వేసుకుని మధ్యలోకి వెళ్ళాడు. మా లీగ్‌లో ఒక అంపైర్ క్లబ్బు మనిషి, ఇంకొకరిని లీగ్ వాళ్ళు పంపుతారు. మా క్లబ్బు తరఫున పాతికేళ్ళుగా నెవిలే. అతను వేలెత్తితే బిషప్పు కూడా మారుమాట లేకుండా పెవిలియన్‌కి నడవాల్సిందేనని మా కెప్టెన్ గేవిన్ అంటుంటాడు.

ఓడిపోయాం. ఏప్రిల్‌లో ఎప్పుడూ ఓడిపోతాం.

ఏప్రిల్ 27

వాన. ఆట లేదు. నెవిల్ లీగ్ వాళ్ళతో మాట్లాడాలని ఫోన్ పట్టుకుని గ్యారేజీలోకి వెళ్ళాడు. లీగ్ వాళ్ళతో మాట్లాడటానికి గ్యారేజీ దేనికి?

మే 3, శుక్రవారం

మా జిల్లా పెద్ద జట్టు ఆడే కౌంటీ మ్యాచ్‌కి వెళ్ళాం. మా చోటు పై స్టాండులో, సరిగ్గా బౌలర్ చేతి వెనక. పొద్దున్నే వచ్చి సీటు మీద కోటు పరిచి పెడితే సాయంత్రం దాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. అది అక్కడి మర్యాద. మా పక్కనే కూర్చునే కౌంటీ క్లబ్బు సభ్యుల్లో సగంమంది పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు గానీ, వాళ్ళ మోకాళ్ళ నొప్పులన్నీ తెలుసు.

ఇవాళ నెవిల్ నన్ను కింద తాడు పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టాడు. కింద గాలి బాగుంటుందట. మే నెల మొదట్లో నది మీంచి ఎముకలు కొరికే గాలి వీస్తుంటే ఎవరికి కావాలి ఆ గాలి? పైగా చెవిలో రేడియో. ఎదురుగా జరుగుతున్న ఆటకి రేడియో వ్యాఖ్యానం వింటున్నాడు. అందరూ చప్పట్లు కొట్టాక, ఒక్క క్షణం ఆగి తను కొడుతున్నాడు. మా ఓపెనర్ అవుటయితే, మైదానంకేసే చూస్తూ, "ఎలా పోయాడు?" అని అడిగాడు.

చూపు ఇక్కడ, మనసు ఎక్కడో. ఆ ఎక్కడో ఏ ఊరో నేను కనుక్కుంటాను.

మే 18, శనివారం

కనుక్కున్నాను. ఆ ఊరు మిడిల్ హాంటన్.

లీగ్ వాళ్ళు పంపిన రెండో అంపైర్ పేరు మార్గో పీక్, ఉండేది ఆ ఊళ్ళోనే. భర్త పోయి మూడేళ్ళయిందట. నా వయసే ఉంటుంది గానీ నడక చూస్తే ఇరవై ఏళ్ళు చిన్నది. పొట్టి జుట్టు, పెద్ద నవ్వు. పెవిలియన్ మెట్లు దిగుతూ నెవిల్ మోచేతి మడతలో చెయ్యి వేసింది. ఇద్దరూ అలాగే వికెట్ల దాకా నడిచి వెళ్ళారు. చర్చిలోంచి బయటికొచ్చే కొత్త జంట కూడా అంత నెమ్మదిగా నడవదు. అంపైర్లు అలా చేతులు పట్టుకుని నడవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఇంకోటి. అప్పీలు వచ్చినప్పుడు నెవిల్ ఆమె వైపు తిరుగుతాడు. ఆమె టోపీ అంచు ముట్టుకుంటుంది. అప్పుడు వేలెత్తుతాడు. ఆమె ముట్టుకోకపోతే కాసేపు ఆలోచిస్తాడు. అంపైర్లకి వాళ్ళ సైగలు వాళ్ళకుంటాయి, ఓవర్లో ఇంకో రెండు బంతులున్నాయని గుండె మీద చెయ్యి పెట్టడం లాంటివి. అవన్నీ నాకు కంఠతా వచ్చు. ఈ టోపీ సైగ మాత్రం ఎక్కడా లేదు.

నాకు అనుమానం ఎక్కువంటారు. నాకున్నది అనుమానం కాదు, చూపు.

మే 19

పొద్దున్న పేపర్లో కౌంటీ స్కోర్లు నన్ను చదివి వినిపించమన్నాడు. నా గొంతు వినాలనిపిస్తోందట! చదివాను. ఎందుకు చదివానో తెలియదు.

జూన్ 8, శనివారం

ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

వెస్ట్ ఫోర్డెన్ వాళ్ళతో మా మైదానంలో ఆట. గేవిన్ నిలదొక్కుకుని ఆడుతున్నాడు, గెలుస్తామని నేను కారు దిగి గడ్డి మీదికి కూడా వచ్చాను. బంతి గేవిన్ ప్యాడ్‌కి తగిలింది. లెగ్ స్టంప్‌కి బయట, చాలా బయట. కారు అద్దంలోంచి చూసినవాళ్ళకి కూడా తెలుస్తుంది. వాళ్ళ బౌలర్ మాత్రం ఇల్లు తగలబడుతున్నట్టు అరిచాడు. నెవిల్ మార్గో వైపు తిరిగాడు. ఆమె టోపీ ముట్టుకోలేదు. అయినా నెవిల్ వేలు లేచింది.

గేవిన్ కదల్లేదు. చాలాసేపు నెవిల్ ముఖంలోకి చూశాడు. తర్వాత నడిచాడు. తాడు దగ్గర నిలబడ్డ వాళ్ళు అంపైర్ల పుట్టుక నుంచీ ఉన్న పాత పాటే అందుకున్నారు. ఒకడు తన కళ్ళద్దాలు తీసి ఊపాడు. ఇంకొకడు, "నెవిల్, తెల్లకోటు ఒక్కటే చాలదు, తెల్లకర్ర కూడా తెచ్చుకో" అని కేకేశాడు. అందరూ నవ్వారు. నెవిల్ నవ్వలేదు. మామూలుగా ఇలాంటి కేకలకి టోపీ తీసి వంగి దండం పెట్టే మనిషి.

ఓడిపోయాం. డివిజన్‌లో ఆఖరి రెండు జట్లూ కింది డివిజన్‌కి పడిపోతాయి. ఆఖరి నుంచి మూడో స్థానంలో మేమున్నాం. మా కిందే కాచుకుని కూర్చున్నది మిడిల్ హాంటన్. మేం ఓడిన ప్రతి ఆటా వాళ్ళకి పండగ. మార్గో పీక్ ఇల్లు వాళ్ళ మైదానం ఎదురుగానే.

జూన్ 9

నెవిల్‌కి ఆమె అంటే ఇష్టమై ఉండాలి, లేదా మిడిల్ హాంటన్ అంటే ఇష్టమై ఉండాలి. రెండోది ఎక్కువ సిగ్గుచేటు.

జూన్ 22

మళ్ళీ మనవాళ్ళనే అవుటిచ్చాడు. ఇద్దరిని. వికెట్ల వెనక క్యాచ్ ఒకటి, బ్యాట్‌కి బెత్తెడు దూరంలో పోయిన బంతికి. మన బౌలర్లు అరిస్తే మాత్రం కదలడు. మన కుర్రాళ్ళు గొంతు చించుకున్నా తల అడ్డంగా ఊపుతాడు.

ఇంటికొచ్చేటప్పుడు కార్లో అడిగాను, మన జట్టు మీద ఏమైనా కోపమా అని. తనకెందుకు కోపం అన్నాడు. నేను రేడియో పెట్టాను.

జులై 6, శనివారం

టీ సమయంలో ప్యాట్సీకి సాయంగా శాండ్‌విచ్‌లు కోశాను. మా క్లబ్బులో టీ అంతా ప్యాట్సీ చేతిమీదే. గుడ్డు శాండ్‌విచ్, దోసకాయ శాండ్‌విచ్, నిమ్మకాయ కేకు, దానితోపాటు ఊరి సంగతులన్నీ ఆవిడే వడ్డిస్తుంది. మార్గో రెండు కప్పుల టీ పట్టుకెళ్ళడం ప్యాట్సీ చూసింది. ఒక కప్పు నెవిల్ చేతిలో పెట్టి, అతని వేళ్ళని కప్పు పిడి దాకా తన చేత్తో తీసుకెళ్ళడం ఇద్దరం చూశాం.

"జిల్, నేనేమీ అనడంలేదు" అంది ప్యాట్సీ.

ప్యాట్సీ ఏమీ అనడంలేదంటే, సాయంత్రానికి ఊరంతా అంటుందని అర్థం. దోసకాయ ముక్కలు మందంగా పడ్డాయి. ఇన్నేళ్ళ కాపురంలో నేను అనుమానించని రోజు లేదు, నిజమే. బిల్లుల్ని అనుమానించాను, పక్కింటివాళ్ళ కుక్కని అనుమానించాను, వాతావరణ సూచనల్ని అనుమానించాను. నెవిల్‌ని మాత్రం ఎప్పుడూ కాదు. అతను నాకు ఆ అవసరం రానివ్వలేదు.

జులై 13, శనివారం

లీగ్ కార్యదర్శి ఆట చూడ్డానికి వచ్చాడు. మార్గోనే ప్రతివారం మా మ్యాచులకి ఎందుకు పంపుతున్నారని మాటల్లో పెట్టి అడిగాను. "మీవారే ఏప్రిల్‌లో ఫోన్ చేసి అడిగారు గదండీ, రెండో అంపైర్ ఆమె అయితేనే తను అంపైర్‌గా నిలబడతానని" అన్నాడాయన.

గ్యారేజీలో ఫోన్.

ఆట అయ్యాక గేవిన్‌ని పిచ్ చదును చేసే రోలర్ వెనక్కి పిలిచి చెప్పాను. టోపీ సంగతి, ఫోన్ సంగతి, మిడిల్ హాంటన్ సంగతి. గేవిన్ మంచివాడు, మొదట నమ్మలేదు. నెవిల్ గారు అలాంటివారు కాదని నాకే నచ్చజెప్పాడు. ఇక నుంచి టోపీని చూడమన్నాను.

జులై 14

క్లబ్బు కోసమే చెప్పాను.

జులై 15

క్లబ్బు కోసమే.

ఆగస్టు 24, శనివారం

ఆరు వారాలుగా గేవిన్ టోపీని చూస్తూనే ఉన్నాడు. ఇవాళ ఆట అయ్యాక, అందరూ బూట్లు విప్పుకుంటుండగా, వచ్చేవారం ఆఖరి మ్యాచ్‌కి అంపైర్‌గా వేరేవాళ్ళని చూసుకుంటానని నెవిల్‌తో అన్నాడు. మర్యాదగానే అన్నాడు. గదిలో ఎవరూ తల ఎత్తలేదు.

నెవిల్ సరేనన్నాడు. ఎందుకని కూడా అడగలేదు. గుమ్మడికాయల దొంగ అనకుండానే భుజాలు తడుముకున్నట్టుంది. కోటు మడిచి నా చేతికిచ్చాడు. ఇంటికొచ్చి నేనది ఉతికి, ఇస్త్రీ చేసి, బీరువాలో పెట్టాను. తర్వాత బీరువా తలుపు తీసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆగస్టు 27, మంగళవారం

అంపైర్ల సమావేశం ఉందని నెవిల్ పొద్దున్న చెప్పాడు. మార్గో వచ్చి తన కారులో తీసుకెళ్ళింది. వాళ్ళ వెనకే వెళ్ళాను.

పట్నంలో పెద్దాసుపత్రి ముందు నెవిల్‌ని దింపి ఆమె పార్కింగ్‌కి వెళ్ళింది. ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకున్నాను. ఆమెకైతే బాగుండునని కూడా అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. నెవిల్ ఒక చెయ్యి గోడకి ఆనించి నడుస్తున్నాడు. ఎడమకి తిరిగాడు. బోర్డు మీద కంటి విభాగం అని ఉంది.

నేను వేరే ద్వారంలోంచి లోపలికెళ్ళి వరండాలో కుర్చీలో కూర్చున్నాను. రానీ, ముఖాముఖీ అడుగుతాను అనుకున్నాను. నెవిల్ నా ముందుకే వచ్చి ఆగాడు. నా ముఖంలోకి చూశాడు. ఏ దాపరికమూ లేదు ఆ చూపులో, భయమూ లేదు. తెలియనివాళ్ళని చూసి నవ్వే చిన్న నవ్వు నవ్వాడు.

"ఈ పక్క కుర్చీలో ఎవరైనా ఉన్నారాండీ?" అన్నాడు.

తల అడ్డంగా ఊపాను. అతను జవాబు కోసం ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు.

"కూర్చో" అన్నాను.

నెవిల్ కూర్చోలేదు. ముఖం పక్కకి తిప్పి, ఓరగా నన్ను వెతుక్కున్నాడు. తర్వాత నా పేరు పిలిచాడు. నేను అతని చొక్కా పట్టుకుని ఏడ్చాను. ఆ వరండాలో అందరికీ కళ్ళ జబ్బులే గనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఆగస్టు 28

రెండేళ్ళుగానట. రెండు కళ్ళకీ నడిమి చూపు పోయింది, అంచుల్లో మాత్రం మిగిలింది. మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ముఖం తెలియదు. బౌలర్ పరుగు తెలుస్తుంది, బంతి తెలియదు. ఏప్రిల్‌లో ఆ తుంపర మ్యాచ్‌కి వచ్చింది కూడా మార్గోనేనట, అప్పుడే పసిగట్టిందట. చెప్పేస్తానంది. నెవిల్ ఈ ఒక్క సీజన్ అని బతిమాలాడట. బంతి బ్యాట్ అంచుకి తగిలినట్టు కనిపిస్తే ఆమె టోపీ ముట్టుకునేది. ఎల్బీడబ్ల్యూ అయితే ఆమె నిలబడే పక్క నుంచి ఎవరికీ కనబడదు గదా, దానికీ, ఆమెకి అంతు తెలియని క్యాచ్‌లకీ నెవిల్‌కి మిగిలింది చెవులే.

నాకు ఒళ్ళు మండింది. శనివారం కోసం వారమంతా ఎదురుచూసే పిల్లల్ని గాలికి అవుటిచ్చావా అని అరిచాను. తలొంచుకున్నాడు. అప్పుడు నాకు తట్టింది, మరి మనవాళ్ళనే ఎందుకు?

"మన బౌలర్లని చిన్నప్పటి నుంచీ వింటున్నాను జిల్. దొంగ అప్పీలు చేస్తే గొంతులో తెలిసిపోతుంది. అవతలివాళ్ళ గొంతులు నాకు తెలియవు. గట్టిగా అరిస్తే నిజమే అనుకున్నాను."

ఇంత తెలివితక్కువ న్యాయం ఎక్కడా విని ఉండను. నవ్వాలో కొట్టాలో తెలియలేదు. మన పిల్లలు అబద్ధాలాడతారని తెలుసు గనుక వాళ్ళకి అన్యాయం జరిగింది. పరాయివాళ్ళు నిజమే చెబుతారని నమ్మాడు గనుక వాళ్ళు గెలిచారు. నాతో కాపురం చేస్తూ కూడా ఈ మనిషి పరాయివాళ్ళని నమ్మడం మానలేదు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. చెబితే నేను కోటు దాచేస్తానన్నాడు. దాచేసేదాన్నే.

గేవిన్‌కి ఎవరో ఏదో చెప్పినట్టున్నారని కూడా అన్నాడు. నేను టీ పోశాను.

ఆగస్టు 31, శనివారం

ఆఖరి మ్యాచ్. నెవిల్ నా పక్కన కార్లో కూర్చున్నాడు. బంతి బంతీ నేను చెప్పాను. కొత్త అంపైర్ ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. మనవాళ్ళు ఎవరి సాయమూ లేకుండా, సొంతంగా, చిత్తుగా ఓడిపోయారు. మేం కింది డివిజన్‌కి. మిడిల్ హాంటన్ గట్టెక్కింది.

సెప్టెంబర్ 13, శుక్రవారం

పెవిలియన్‌లో క్లబ్బు సమావేశం. వెళ్ళే ముందు గుమ్మంలో నెవిల్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"వాళ్ళు ఏమన్నా నువ్వు మాట్లాడొద్దు. దొంగ అంపైర్ని రెండేళ్ళు తిట్టి మర్చిపోతారు. గుడ్డి అంపైర్ అని తెలిస్తే నేను చచ్చాక కూడా నవ్వుతారు. పైగా నేను అవుటిచ్చిన ప్రతివాడూ వచ్చి, నాదీ అంతేనా అని అడుగుతాడు. ఎవరికని చెప్పను? నాకే తెలియదు."

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోనని కూడా అనలేదు.

గేవిన్ పాపం మర్యాదగానే మొదలుపెట్టాడు. కొన్ని మాటలు వినబడ్డాయని, వాటికి నెవిల్ గారు జవాబు చెబితే అందరికీ మంచిదని అన్నాడు. మాకు మీ ఇంటి మనిషే చెప్పారు గనుక అడగాల్సి వస్తోందని అనబోయాడు. "ఎవరు చెప్పారన్నది అనవసరం" అని నెవిల్ అడ్డుపడ్డాడు. తర్వాత నిలబడి, అక్కడున్న ముఖాలన్నిటి మీదుగా చూస్తూ, "అవును, ఈ ఏడాది నేను అంపైర్‌గా న్యాయంగా నిలబడలేదు. మిడిల్ హాంటన్ వాళ్ళు ఈ డివిజన్‌లో నిలవాలని మనసులో ఉండింది" అన్నాడు.

పాతికేళ్ళ తెల్లకోటు! గదిలో ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒకరి తర్వాత ఒకరు లేచి బారు దగ్గరికి వెళ్ళారు, మా బల్లకి దూరంగా. నా నాలుక చివర మూడు మాటలున్నాయి. అతనికి కళ్ళు కనిపించవు. అంతే. నెవిల్ బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు. నేను మాట్లాడలేదు. ఇది అతని పేరు, దాన్ని ఎలా పోగొట్టుకోవాలో అతనే ఎంచుకోవాలి అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అది సరైన మాటో కాదో తెలియడంలేదు.

దారిలో నేను ఒక్క మాట కూడా అనకముందే నెవిల్ అన్నాడు, "ఆరోజు గేవిన్‌కి ఎవరో చెప్పారని నేనన్నప్పుడు నువ్వేమీ అనలేదు. నీ మాటే కాదు, నువ్వు మాట్లాడకపోవడం కూడా నాకు తెలుసు."

బండి పక్కకి ఆపాల్సొచ్చింది.

సెప్టెంబర్ 14

మార్గో ఫోన్ చేసింది. ఊళ్ళో తనని, నెవిల్‌ని కలిపి అనుకుంటున్నారని విన్నదట. నేను క్షమాపణ చెప్పబోతే పెద్దగా నవ్వింది. "అరవై అయిదేళ్ళకి నా మీద పుకారు పుట్టింది జిల్, దాన్ని చంపకు. అతనికి పనికొస్తే ఉండనీ" అంది. ఈమెని నేను మే నుంచీ ఎన్ని మాటలనుకున్నానో.

సెప్టెంబర్ 17, మంగళవారం

కౌంటీ ఆఖరి మ్యాచ్‌కి బయల్దేరాం. పాల కోసం ఊరి కొట్టు ముందు ఆగి, నెవిల్‌ని కార్లో ఉంచి నేను లోపలికెళ్ళాను. ప్యాట్సీ ఉంది. కొట్టులో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళు బిస్కెట్ల అర దగ్గర అవసరానికి మించి నిలబడిపోయారు.

ప్యాట్సీ నా భుజం మీద చెయ్యి వేసింది. మిడిల్ హాంటన్ మీద మనసుండిందని నెవిల్ అన్నాడు గదా, ఊరి మీద ఎవరికైనా మనసుంటుందా అని మెల్లగా మొదలుపెట్టింది. తర్వాత సూటిగానే అడిగింది, "ఆ మార్గో కోసమే గదా జిల్?"

లేదంటే ఆవిడ ఇంకో కారణం వెతుకుతుంది. ప్యాట్సీ వెతికితే దొరక్కుండా ఉండదు, ఆవిడ కళ్ళు నాలాంటివే.

"అవును" అన్నాను. బిస్కెట్ల దగ్గర వాళ్ళకి కూడా వినబడేలా అన్నాను.

ప్యాట్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజమైన నీళ్ళే. నేను మంచిదాన్ని గనుక ఓర్చుకుంటున్నానంది. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. నెవిల్ కారు అద్దంలోంచి నేరుగా మా వైపే చూస్తున్నాడు. ఇన్నేళ్ళ అలవాటు, నా చెయ్యి దానంతటదే లేచి ఊగింది. అతను కదల్లేదు. అలాగే చూస్తూ ఉన్నాడు.

"చూశావా పొగరు? ఇంత చేసి కూడా పెళ్ళానికి చెయ్యి ఊపడు" అంది ప్యాట్సీ.

"అతనంతే" అని చెప్పి, వెళ్ళి కారెక్కాను.